లాగే చేతికి ఆపడం తెలియాలి



ఈ నెల ఒక ఆటను గురించి చెప్పదలిచాను. ఆట అన్నాను గనుక ఇది పిల్లల పేజీ అనుకొని పెద్దలు తిప్పేయవద్దు. ట్రాక్టరు వెనుక ట్రైలరు కట్టి చెరకు తోలే రైతుకూ, బురదలో దిగబడిన బండికి మోకు కట్టి లాగే యౌవనునికీ, ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకొని నడిచే తలిదండ్రులకూ ఇందులో పనికివచ్చే సంగతులు ఉన్నాయి.

ఇంగ్లండు, జర్మనీ, అమెరికా వంటి దేశాలలో పార్కుల్లో చెరువులు ఉంటాయి. సెలవు రోజుల్లో ఆ చెరువు గట్టున కొందరు చేతిలో చిన్న పెట్టె పట్టుకొని నిలబడతారు. వారిలో బడిపిల్లలూ ఉంటారు, తల నెరిసినవారూ ఉంటారు. వారి ఎదుట నీటిమీద మూరెడు, రెండు మూరల పొడవున్న నమూనా పడవలు తిరుగుతుంటాయి. పెట్టె మీది పుల్లను కదిలిస్తే పడవ కుడికి తిరుగుతుంది, ఎడమకు తిరుగుతుంది, ముందుకు పోతుంది, వెనక్కు వస్తుంది. నడుమ తీగ ఏమీ ఉండదు. అంతా రేడియో తరంగాల మీదనే నడుస్తుంది.

ఆ పడవల్లో యుద్ధనౌకలు, తెరచాప పడవలు, ఈల వేసినట్లు దూసుకుపోయే వేగపు పడవలు ఉంటాయి. పిల్లల కళ్లు సహజంగా వాటి మీదనే పడతాయి. అయితే ఒక మూల పొట్టిగా, బొద్దుగా, నిదానంగా పోయే పడవ ఒకటి కనబడుతుంది. దాని పేరు టగ్గు. పెద్ద ఓడలను, ఇంజను లేని సరకు పడవలను లాగడమే దాని పని. ఇంజను లేకుండా, అడుగు చదునుగా, పొడవాటి తొట్టెలాగా ఉండే ఆ సరకు పడవనే బార్జీ అంటారు. నమూనా టగ్గుకు వెనుక తాడు కట్టి, ఒకదాని వెనుక ఒకటిగా మూడు, నాలుగు, ఐదు బార్జీలను తగిలించి, నీటిమీద తేలే గుర్తుల నడుమ నుండి దేనికీ తగలకుండా నడిపి, చివరకు ఒడ్డున కట్టిన చిన్న రేవుకు మెల్లగా చేర్చడం — ఇదే ఆ ఆట.

వినడానికి సులభమే. చేసి చూచినవారు మాత్రం, వేగపు పడవను నడపడం కన్నా ఇది ఎంతో కష్టం అంటారు. ఎందుకో చూద్దాం.

గాలిలో వెళ్లే ఆజ్ఞ

తీగ లేకుండా పడవను నడిపించే ఉపాయం కొత్తది కాదు. 1898లో న్యూయార్కు నగరంలోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన విద్యుత్తు ప్రదర్శనలో నికోలా టెస్లా అనే శాస్త్రజ్ఞుడు నీటి తొట్టెలో ఒక చిన్న పడవను ఉంచి, దూరం నుండి రేడియో తరంగాలతో నడిపి చూపించాడు. ఆ ఏడాది నవంబరు 8న అమెరికా ప్రభుత్వం ఆయనకు దాని మీద పేటెంటు ఇచ్చింది. మన ఇళ్లలోకి రేడియో పెట్టె రావడానికి ఎంతో ముందటి మాట ఇది.

గట్టు మీది మనిషి చేతిలోని పెట్టెను ట్రాన్స్‌మిటర్ అంటారు. పడవ లోపల ఉండేది రిసీవర్. అది గాలిలో వచ్చిన ఆజ్ఞను అందుకొని రెండు చోట్లకు పంపుతుంది. ఒకటి సర్వో అనే చిన్న మోటారు. ఇది చుక్కానిని తిప్పుతుంది. రెండవది వేగాన్ని అదుపు చేసే పరికరం. ఇది ప్రొపెల్లరును, అనగా నీటి అడుగున తిరిగే పంకాను, నెమ్మదిగానో వేగంగానో, ముందుకో వెనక్కో తిప్పుతుంది. బరువైన బ్యాటరీని పడవ అడుగున పెడతారు. అది కరెంటూ ఇస్తుంది, పడవ ఒరిగిపోకుండా నిలకడనూ ఇస్తుంది.

పాత రోజుల్లో ఈ పెట్టెలు 27 మెగాహెర్ట్జ్ వంటి తరంగాల మీద పనిచేసేవి. ఇద్దరు ఒకే తరంగం మీద పెట్టెలు తెరిస్తే ఒకరి పుల్లకు మరొకరి పడవ తిరిగేది! అందువల్ల క్లబ్బుల్లో ఒక చెక్క మీద తరంగానికొక గుర్తు పెట్టేవారు. ఆ గుర్తు తన చేతిలో ఉన్నవాడే పెట్టె తెరవాలి. మిగిలినవారు తమ వంతు వచ్చేవరకు ఆగాలి. ఇప్పుడు వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలలో ప్రతి పెట్టెకూ దాని పడవతో జత కుదిరి ఉంటుంది గనుక ఆ చిక్కు దాదాపు పోయింది.

అయితే ఆజ్ఞ అందేది టగ్గుకు మాత్రమే అని గమనించండి. వెనుకనున్న బార్జీల్లో రిసీవరు లేదు, చుక్కాని లేదు, మోటారు లేదు. వాటికి తెలిసినది తాడు ఒక్కటే. ముందున్నవాడు ఏమి చేస్తే దాని ఫలితం తాడు గుండా వాటికి చేరుతుంది. అది కూడా ఆలస్యంగా చేరుతుంది.

కొక్కెం ఎక్కడ ఉండాలి?

పడవ వెనుక కొసను అమరం అంటారు. మార్కు సువార్త చదివేవారికి ఈ మాట కొత్త కాదు. మరి టగ్గుకు తాడు తగిలించే కొక్కెం ఎక్కడ ఉండాలి? అమరం చివరన అని చాలామంది అనుకొంటారు. పిల్లలు బొమ్మ చేసేటప్పుడు అక్కడే మేకు కొడతారు. కాని అసలైన పాతకాలపు టగ్గును చూడండి. కొక్కెం పడవ నడుమకు కొంచెం వెనుకగా, ప్రొపెల్లరుకూ చుక్కానికీ ముందుగా ఉంటుంది.

దానికి కారణం ఉంది. పడవ తిరగడమంటే దాని అమరం పక్కకు జరగడం. చుక్కాని చేసే పని అదే. బరువంతా అమరం చివరనే కట్టేస్తే ఆ బరువు అమరాన్ని పక్కకు జరగనివ్వదు. చుక్కాని ఎంత తిప్పినా టగ్గు తిన్నగానే పోతుంది. కొక్కెం నడుమకు దగ్గరగా ఉంటే అమరం అటూ ఇటూ స్వేచ్ఛగా తిరుగుతుంది, టగ్గు తన దారి తాను మార్చుకోగలుగుతుంది. బరువు లాగేవానికి తాను తిరగడానికి చోటు మిగలాలన్నమాట.

ఇక బార్జీ వైపు చూద్దాం. దాని ముందు భాగంలో నడుమ ఒక్క చోట తాడు కడితే అది నీటిలో కుడికీ ఎడమకూ ఊగుతూ, చేపతోకలాగా ఆడుతూ వస్తుంది. రెండు మూలల నుండి రెండు తాళ్లు తెచ్చి ముందు ఒకచోట ముడివేస్తే ఆ ఊగడం తగ్గుతుంది. ఎడ్లకు ముకుతాడుతోపాటు పలుపుతాళ్లు ఎందుకు కడతామో తెలిసినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. ఇంకా నిలకడ కావాలంటే బార్జీ అడుగున, అమరం దగ్గర, చేప రెక్కలాగా ఒక పలకను నిలువుగా బిగిస్తారు. సరకును కూడా ముందు కన్నా వెనుక కొంచెం బరువు ఉండేటట్లు సర్దుతారు. ముక్కు నీటిలో దిగిన బార్జీ ఎప్పుడూ దారి తప్పుతుంది.

తాడు పొడవు కూడా లెక్కే. టగ్గు ప్రొపెల్లరు నీటిని వెనక్కు తోస్తుంది గనుకనే టగ్గు ముందుకు పోతుంది. తాడు మరీ పొట్టిదైతే అలా తోసిన నీరు పోయి మొదటి బార్జీ ముఖాన కొడుతుంది. అంటే ఒక చేత్తో లాగుతూ మరో చేత్తో తోసినట్లే! మోటారు గోల పెడుతుంది, పడవ మాత్రం కదలదు. తాడు మరీ పొడవైతే బార్జీలు గాలికి పక్కకు కొట్టుకుపోతాయి, మలుపులో గట్టును రాసుకుంటాయి. ఈ రెంటి నడుమ సరిపడే పొడవు ఏదో నడిపి చూచి తెలిసికోవలసిందే.

బయలుదేరడం, తిరగడం, ఆగడం

మొదట బయలుదేరే తీరు. తాడు వదులుగా ఉండగా ఒక్కసారి వేగం పెంచితే టగ్గు ముందుకు ఉరుకుతుంది, తాడు టక్కున బిగుస్తుంది, ఆ కుదుపుకు తాడో కొక్కెమో తెగుతుంది. కాబట్టి మొదట పాకినట్లు కదిలి, మొదటి తాడు బిగిశాక రెండవది, రెండవది బిగిశాక మూడవది — ఇలా ఒక్కొక్క బార్జీని లేపుకుంటూ పోవాలి. చివరి బార్జీ కదిలిన తరువాతనే వేగం మాట.

తరువాత మలుపు. రెండు ట్రైలర్ల చెరకు ట్రాక్టరు మలుపు తిరగడం మీరు చూచే ఉంటారు. ట్రాక్టరు రోడ్డు మధ్యగా పోయినా వెనుక ట్రైలరు లోపలి అంచుకు వచ్చి పక్కనున్న సైకిలువానిని కాలువలోకి నెడుతుంది. బార్జీల వరుస కూడా అంతే. ఒక్కొక్కటి తన ముందుదాని కన్నా కొంచెం లోపలికి కోసుకుంటూ వస్తుంది. అందుచేత టగ్గు ముందుగానే వెడల్పుగా తిరగాలి. అయితే వేగంగా తిరిగితే దీనికి విరుద్ధంగా జరుగుతుంది. నీటిమీద చక్రం పట్టు ఉండదు గనుక చివరి బార్జీ కొరడా కొసలాగా బయటికి విసిరేసినట్లు పోతుంది. అంటే మలుపు తిరిగేది టగ్గు అయినా, దెబ్బ తినేది చివరి బార్జీ.

ఇక అన్నిటికంటె కష్టమైనది ఆగడం. తాడుతో లాగగలం గాని తోయలేం. ఈ చిన్న సంగతిలోనే ఈ ఆట కష్టమంతా ఉంది. ఒక నమూనా టగ్గు బరువు 8 కిలోలు అనుకోండి. దాని వెనుక ఒక్కొక్కటి 10 కిలోల చొప్పున నాలుగు బార్జీలు. టగ్గు మోటారు ఆపేస్తే టగ్గు ఆగుతుంది. 40 కిలోల బరువు మాత్రం ఆగదు. తాడు వదులై, బార్జీలు వచ్చి టగ్గు అమరాన్నే గుద్దుతాయి. టగ్గు వెనక్కు తిరిగే ప్రయత్నం చేస్తే వదులైన తాడు పోయి ప్రొపెల్లరుకు చుట్టుకుంటుంది. వేగం రెండింతలు చేస్తే ఆ బరువులో నిండిన శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది.

అందుకే నేర్పు గలవాడు రేవు ఇంకా దూరాన ఉండగానే మోటారు తగ్గిస్తాడు. తాడు బిగువు పోనివ్వకుండా, నీటి రాపిడికే బార్జీలు నెమ్మదించేలా చేస్తాడు. ఆఖరున తాడు వదిలి, తాను పక్కకు తప్పుకొని, చుట్టూ తిరిగి వచ్చి, బార్జీ పక్కన చేరి మెల్లగా నెట్టుతూ ఒడ్డు చేరుస్తాడు. వేగం పెంచడం ఎవరికైనా ఒక నిమిషంలో వస్తుంది. ఎక్కడ తగ్గించాలో తెలియడానికి చాలా రోజులు పడుతుంది.

చిన్న నమూనా చెప్పే పెద్ద నిజం

బొమ్మ పడవతో నేర్చినది నిజమైన పడవకు పనికివస్తుందా అని మీరు అడగవచ్చు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవాడు విలియం ఫ్రూడ్ అనే ఆంగ్లేయ ఇంజనీరు. ఈయన తండ్రి ఇంగ్లండు సంఘంలో టోట్నెస్ ఆర్చిడీకను. 1870ల మొదట్లో ఫ్రూడ్ టార్కీ పట్టణంలో తన ఇంటి దగ్గర ఒక పొడవాటి నీటి తొట్టె కట్టించి, అందులో ఓడల నమూనాలను లాగుతూ, లాగడానికి ఎంత బలం పడుతున్నదో కొలిచాడు. 1871లో గ్రేహౌండ్ అనే నిజమైన యుద్ధనౌకను యాక్టివ్ అనే మరొక నౌకతో లాగించి, తాడు మీద పడే బలాన్ని కొలిచి, నమూనా లెక్కతో సరిచూచాడు. నేటికీ కొత్త ఓడ కట్టే ముందు దాని నమూనాను తొట్టెలో లాగి చూచే ఆచారం ఉంది.

ఫ్రూడ్ చెప్పిన లెక్క ఇది: నమూనా అసలు పడవలో 16వ వంతు పొడవు ఉంటే, దాని వేగం 16వ వంతు కాదు, 4వ వంతు ఉండాలి, ఎందుకంటే 16కు వర్గమూలం 4. అసలు టగ్గు గంటకు 11 కిలోమీటర్లు పోతే నమూనా 3 కిలోమీటర్లకు లోపే పోవాలి. అంటే మనం తీరికగా నడిచే నడక కన్నా తక్కువ. బరువు విషయంలో 16ను మూడుసార్లు గుణించాలి; అది 4,096 అవుతుంది. 100 టన్నుల బార్జీకి ఆ కొలత నమూనా చేస్తే 24 కిలోలకు పైగా తూగుతుంది. అదే 32వ వంతు చేస్తే 3 కిలోలే! పిల్లలు కాగితం తీసుకొని ఈ లెక్క తామే చేసి చూడాలని నా కోరిక.

బొగ్గు మోసిన తొట్టెల వరుస

బార్జీల వరుసలను నిజంగా లాగిన చోట్లలో ఒకటి చెబుతాను. ఇంగ్లండు ఉత్తర భాగాన యార్క్‌షైరులో ఏర్ అండ్ కాల్డర్ అనే జలమార్గం ఉంది. 1860లలో దాని ఇంజనీరు విలియం బార్తలొమ్యూ గనుల నుండి గూల్ రేవుకు బొగ్గు చేర్చడానికి ఒక ఉపాయం ఆలోచించాడు. సుమారు 20 అడుగుల పొడవున్న ఇనుప తొట్టెలు చేయించి, ఒక్కొక్కదానిలో 35 నుండి 40 టన్నుల బొగ్గు నింపి, రైలు పెట్టెల్లాగా ఒకదానికొకటి తగిలించాడు. అక్కడి జనం వాటిని టామ్ పుడ్డింగులు అని వేళాకోళంగా పిలిచేవారు. మొదట వాటిని వెనుక నుండి నెట్టారు. తరువాత టగ్గుతో లాగారు. 19 తొట్టెల వరుస అక్కడ మామూలు. దాదాపు 700 టన్నుల బొగ్గు ఒక్క టగ్గు వెనుక వెళ్లేది. గూల్‌లో ఒక పెద్ద యంత్రం ఒక్కొక్క తొట్టెను అమాంతం పైకెత్తి ఓడలోకి కుమ్మరించేది.

టగ్గు తోసిన నీరు మొదటి తొట్టె ముఖాన కొడుతుందని పైన చెప్పాను గదా? అక్కడి వారికీ ఆ చిక్కే వచ్చింది. వారు మొదటి తొట్టెకు ముందు కోసుగా ఉండే ఒక ముక్కు వంటి ముక్కను తగిలించారు. అది ఆ నీటిని రెండు పక్కలకు చీల్చి పంపేది. సుమారు 120 ఏళ్లు నడిచిన ఈ బొగ్గు రవాణా 1980ల మధ్యలో ఆగిపోయింది. గూల్‌లో ఒక ఎత్తుడు యంత్రాన్ని మాత్రం గుర్తుగా నిలిపి ఉంచారు.

అమెరికాలో మిసిసిపీ నది మీద దారి వేరు. అక్కడ తాడుతో లాగరు. ఇనుప తీగలతో బార్జీలను ఒకే కట్టగా బిగించి వెనుక నుండి నెడతారు. ఎగువ మిసిసిపీలో మూడు వరుసలుగా ఐదేసి, మొత్తం 15 బార్జీలు ఒక కట్ట. ఒక్కొక్కటి 195 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు, సుమారు 1,500 టన్నుల సరకు. 10 టన్నుల లారీలతో లెక్కవేస్తే రెండు వేల లారీలకు మించిన బరువు! ఇంత బరువును ప్రవాహంలో ఆపాలంటే తాడు చాలదు. గట్టిగా బిగించి నెట్టే పడవ మాత్రమే ఇంజనును వెనక్కు తిప్పి మొత్తం కట్టను నిలబెట్టగలదు. ఇక్కడ కూడా ఆలోచన అంతా ఆపడం గురించే.

మన కాలువలూ ఇందుకు కొత్త కావు. సర్ ఆర్థర్ కాటన్ 1847 నుండి 1852 వరకు ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించినప్పుడు, గోదావరి కాలువలను పొలాల నీటికే గాక పడవల రాకపోకలకు కూడా తీర్చారు. గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకొని పడవను లాగుకుంటూ నడిచేవారు. తాడు గట్టు నుండి లాగుతుంది గనుక పడవ ఎప్పుడూ గట్టువైపే మళ్లుతుంది. కాబట్టి చుక్కాని పట్టినవాడు దానిని నీటివైపు మళ్లిస్తూనే ఉండాలి. గట్టు మీదివాడూ చుక్కాని వాడూ ఒక మాట మీద ఉంటేనే పడవ సాగేది.

తాడు ఎదురు తిరిగినప్పుడు

ఇప్పుడు కొంచెం బాధ కలిగించే సంగతి. టగ్గు వెనుకకు ఉండవలసిన తాడు, ఏదో కారణాన పక్కకు తిరిగి, టగ్గుకు అడ్డంగా లాగితే ఏమవుతుంది? టగ్గు పొడవుగా ఉంటుంది గాని వెడల్పు తక్కువ. పక్కకు లాగితే నిలవలేదు. క్షణాల్లో బోర్లా పడుతుంది. నమూనా పడవల ఆటలో ఇది తరచుగా జరిగేదే. అక్కడ పోయేది ఒక బ్యాటరీ, కొంచెం రంగు. నిజమైన నదిలో పోయేవి ప్రాణాలు.

2007 డిసెంబరు 19న స్కాట్లండులోని క్లైడ్ నదిలో దట్టమైన పొగమంచు. ఫ్లయింగ్ ఫాంటమ్ అనే టగ్గు, రెడ్ జాస్మిన్ అనే సరకు ఓడకు ముందుండి దారి చూపుతూ లాగుతున్నది. ఓడకు కట్టిన తాడే టగ్గును పక్కకు లాగి బోర్లా వేసింది. టగ్గు మీద ఉన్నవారు నలుగురు, ముగ్గురు చనిపోయారు. వారు పని తెలియని వారు కారు. బరువును లాగుతున్నవాడు ఏ క్షణానైనా ఆ బరువుచేత తానే లాగబడవచ్చు. అందుకే టగ్గులలో ఆపద వేళ తాడును వెంటనే వదిలే ఏర్పాటు ఉండాలంటారు. ఆ ఏర్పాటు ఉంటే చాలదు. అది వెంటనే పనిచేస్తుందో లేదో ముందే పరీక్షించి చూడాలి.

లాగేవాడు లేని బరువు ఏమి చేస్తుందో మన విజయవాడ కూడా చూచింది. 2024 సెప్టెంబరు 1న కృష్ణా నదికి మహా వరద వచ్చింది. ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ వరదలో పై నుండి కొట్టుకొచ్చిన బరువైన పడవలు ప్రకాశం బ్యారేజీని గుద్ది గేట్ల కౌంటర్ వెయిట్లను దెబ్బతీశాయి. అక్కడ ఇరుక్కున్న పడవలను బయటికి లాగడానికి ఎన్నో రోజులు పట్టింది. క్రేన్లతో లాగారు, కోసి చూశారు, చివరకు వేరే పడవలను ఇనుప గడ్డర్లతో జతచేసి లాగారు. పని లేనప్పుడు పడవను గట్టిగా కట్టి ఉంచడం ఎంత అవసరమో అందరికీ తెలిసివచ్చింది.

మన ఇంటి దగ్గర

రేడియో పడవలు ఖరీదైనవి. మన పిల్లలకు అందరికీ అందవు. కాని ఈ పాఠం నేర్చుకోవడానికి రేడియో అక్కరలేదు. జానెడేసి అరటి బోదె ముక్కలు మూడు తీసుకొని, నిలువునా చీల్చి, చదునైన వైపు పైకి పెట్టి పంట కాలువలో వేయండి. పురికొసతో ఒకదాని వెనుక ఒకటి కట్టి, గట్టు మీద నడుస్తూ లాగండి. మొదట ముందు నడుమ ఒక్కచోట దారం కట్టి చూడండి. తరువాత రెండు మూలల నుండి కట్టి చూడండి. ఆఖరున పాత ప్లాస్టిక్ సీసా నుండి కోసిన పలక నొకదానిని అమరం అడుగున నిలువుగా గుచ్చి చూడండి. ఊగుతూ వచ్చిన ముక్కలు ఎలా తిన్నగా వస్తాయో మీ కళ్లతో చూస్తారు. తరువాత వేగంగా నడిచి టక్కున ఆగండి. ఆగినది ఎవరు, ఆగనిది ఏది? ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి: నీటి దగ్గర పిల్లలను ఒంటరిగా వదలవద్దు. పెద్దవారు ఒకరు పక్కనే ఉండాలి, కాలువ మోకాలి లోతుకు మించకూడదు.

ఇక ట్రాక్టరు నడిపే తమ్ముళ్లకు రెండు మాటలు. దిగబడిన లారీనో మరో ట్రాక్టరునో లాగవలసి వస్తే, మోకును వెనుక కిందనుండే డ్రాబారుకే కట్టండి. ఇరుసు కన్నా పైన ఎక్కడ కట్టినా, బరువు కదలక ఇంజను బలం ఎక్కువైనప్పుడు ముందు చక్రాలు పైకి లేచి, ట్రాక్టరు వెనక్కు తిరగబడి నడిపేవాని మీదనే పడుతుంది. టగ్గును బోర్లా వేసే తాడు, ట్రాక్టరును తిరగవేసే తాడు రెండూ ఒకటే. తాడు నెమ్మదిగా బిగియనివ్వండి, ఉరికించి లాగవద్దు. బిగిసిన తాడు తెగితే కొరడాలాగా వెనక్కు కొడుతుంది గనుక దానికి ఎదురుగా, దాని పక్కన ఎవరినీ నిలబడనివ్వకండి. ముఖ్యంగా వేడుక చూడవచ్చిన పిల్లలను. చెరకు ట్రైలర్లతో పోయేటప్పుడు వాలు రాకముందే వేగం తగ్గించండి. ట్రైలరుకు వేరే బ్రేకులు లేకపోతే, వాలులో మీ ట్రాక్టరు బ్రేకు ఒక్కటే ఆ బరువంతా మోయాలి.

తలిదండ్రులకు కూడా ఒక మాట. ఇంటిని నడిపేవారు ముందున్న టగ్గు వంటివారే. మనం తీసుకునే మలుపు మనకు చిన్నదే కావచ్చు. అప్పు చేసి ఊరు మారడం, పిల్లవానిని ఒక బడి నుండి మరో బడికి మార్చడం, కోపంలో బంధువులతో తెగతెంపులు చేసికోవడం. మనం తిరిగిపోతాం. వరుసలో చివరనున్న పసివానికి ఆ కుదుపు ఆలస్యంగా, కాని గట్టిగా తగులుతుంది. అందుచేత తిరిగే ముందు ఒకసారి వెనక్కు చూడండి. కడపటిది కదిలిందా? తాడు వదులయ్యిందా, మరీ బిగిసిందా? చెరువు గట్టున పెట్టె పట్టుకొని నిలబడిన ఆ పెద్దమనిషి చూపు కూడా టగ్గు మీద కన్నా దాని వెనుక వచ్చే ఆఖరి బార్జీ మీదనే ఎక్కువసేపు ఉంటుంది.

అరటి బోదె పడవలు కట్టి చూచిన పిల్లలు, ఏ ముక్క తిన్నగా వచ్చిందో, ఏది గట్టును తాకిందో ఒక కార్డు మీద రాసి పంపండి. వచ్చే నెల మరొక సంగతితో కలుసుకుందాం. అంతవరకు సెలవు.